పిట్టగోడ మీది పరిచయం: ఊరకాకులతో కొన్నేళ్ళు

(హనుమకొండలో ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అధ్యక్షులకు, ఆదివారం సాయంత్రం కాకుల గురించి వినడానికి ఓపిక చేసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

నేను పక్షిశాస్త్రం చదివినవాడిని కాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. అందువల్ల నేను స్వయంగా చూసినవి ఏవో, పరిశోధకులు పరీక్షించి తేల్చినవి ఏవో వేరువేరుగా చెబుతాను; వినేటప్పుడు మీరు కూడా ఆ రెంటినీ కలిపేయవద్దని మనవి. మా ఇల్లు వడ్డేపల్లి చెరువుకు దగ్గర. డాబా మీద పిట్టగోడ, దానికి ఆనుకుని పక్కింటివారి వేపచెట్టు, ఎదురుగా కరెంటు స్తంభం. నా పరిశీలనశాల అంతా ఇదే. రోజూ ఉదయం నేను చూసినవి రాసుకునే నోటుపుస్తకానికి మా ఇంటావిడ 'కాకి లెక్కలు' అని పేరు పెట్టింది. జీవితమంతా లెక్కలు చెప్పినవాడికి అంతకన్నా పెద్ద బిరుదు ఉండదు కాబట్టి అట్ట మీద ఆ పేరే రాసుకున్నాను.

మన భాష కాకికి చేసిన అన్యాయం చిన్నది కాదు. తప్పుడు లెక్కలు కాకి లెక్కలు, నమ్మరాని కథలు కాకమ్మ కథలు, అర్థం లేని అరుపులు కాకిగోల. కలకాలం కాకిలా బతికేకంటే ఆరునెలలు హంసలా బతకడం మేలు అంటాం గాని, ఆ మాట అన్నవారిలో హంసను చూసినవారు ఎందరో నాకు అనుమానమే. ఒంటరివాణ్ణి ఏకాకి అంటే అందులో కాకి ఉందని పిల్లలు అనుకుంటారు; అది సంస్కృతం నుంచి వచ్చిన వేరే మాట, కాకికీ దానికీ సంబంధం లేదు, పైగా కాకి గుంపుగా బతికే పక్షి. మరి కాకతీయులకూ కాకికీ చుట్టరికం ఉందా అని ఒకసారి తరగతిలో ఒక అబ్బాయి అడిగాడు. కాకతి అనే దేవతను బట్టి ఆ వంశానికి పేరు వచ్చిందని చెబుతారని చెప్పి కూర్చోబెట్టాను.

ముందుగా మనం ఏ కాకి గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకోవాలి, ఎందుకంటే కాకి అని పేరున్నవన్నీ కాకులు కావు. భద్రకాళి చెరువులో మునిగి లేచి, రాయి మీద రెక్కలు పరచి ఆరబెట్టుకునే నీటికాకి కాకి జాతి కాదు. పొదల్లో ఇటుక రంగు రెక్కలతో నడిచే జెముడుకాకి కోకిల కుటుంబానికి చెందినది. అసలు కాకులు మన దగ్గర రెండు. ఒళ్ళంతా నల్లగా, లావుపాటి ముక్కుతో, బొంగురు గొంతుతో అరిచేది అడవికాకి, దాన్నే బొంతకాకి అని కూడా అంటారు. అది ఊళ్ళలోకీ వస్తుంది. మెడా రొమ్మూ బూడిద రంగులో, నుదురూ గొంతూ రెక్కలూ నిగనిగలాడే నలుపులో ఉండేది ఊరకాకి. దీనికి 1817లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టిన శాస్త్రీయ నామం కార్వస్ స్ప్లెండెన్స్. స్ప్లెండెన్స్ అంటే మెరిసేది అని అర్థం. ఎండలో దాని వీపు మీద ఊదా, నీలం, ఆకుపచ్చ ఛాయలు కదలడం చూసినవారికి ఆ పేరు అతిశయోక్తి అనిపించదు.

ఈ ఊరకాకికి ఒక విచిత్రమైన షరతు ఉంది: మనిషి ఉన్న చోటే అది ఉంటుంది. మనుషుల ఊళ్ళకు దూరంగా, అడవి నడుమ దాని గుంపులు కనిపించవు. మన ఉపఖండం నుంచి ఓడలెక్కి తూర్పు ఆఫ్రికా, అరేబియా తీరాలకు చేరింది. 1990ల నాటికి నెదర్లాండ్స్‌లోని ఒక రేవు పట్టణం దాకా వెళ్ళింది. కెన్యా తీరంలో ఇవి స్థానిక పక్షుల గూళ్ళను దోచుకుంటున్నాయని, పది లక్షల కాకులను తొలగిస్తామని అక్కడి వన్యప్రాణి శాఖ 2024లో ప్రకటించింది. కాబట్టి నేను కాకి పక్షాన మాట్లాడుతున్నానని అనుకోకండి. దాన్ని వన్యప్రాణి అనాలా, ఇంటి పక్షి అనాలా అన్నది నాకు చాలాకాలం తెగలేదు. చివరికి ఇలా అనుకున్నాను: అది మనతో ఉంటుంది, కాని మనది కాదు. కుక్కకూ కోడికీ ఉన్న ఒప్పందం దానికి లేదు.

ఇక నా పరిచయం ఎలా మొదలైందో చెబుతాను. మా నాయన పోయిన మూడోనాడు పిట్టకు పెట్టుడు, అంటే పోయినవారి పేరిట కాకికి అన్నం పెట్టడం. మా ఊరి చెరువు గట్టు మీద విస్తరి పెట్టి, ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించాం. కాకి రాలేదు. అల్లంత దూరంలో తుమ్మచెట్టు మీద అయిదారు కాకులు కూర్చునే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. ఇట్లాంటప్పుడు ఏమవుతుందో ఈ ప్రాంతంలో పుట్టిన మీకు చెప్పనక్కరలేదు. ఈమధ్య దాని మీద ఒక సినిమా వస్తే రాష్ట్రమంతా కళ్ళు తుడుచుకుంది. పొలం పంపకం గురించి మనసులో పెట్టుకున్నాడని ఒకరు, చిన్నబిడ్డ పెళ్ళి చూడలేదని ఒకరు, నిరుడు తమ్ముడితో పడిన పంచాయితీ అని ఇంకొకరు అన్నారు. మేమందరం విస్తరి ముందు నిలబడి ఒక్కొక్క మాట చెబుతూ మొక్కాం. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆఖరికి మా మేనత్త, "మీరందరు గట్ల గుడ్లప్పగించి సూస్తే అదెట్ల వస్తదిరా, పక్కకు రాండ్రి" అని కసిరింది. అందరం వెనుదిరిగి చింతచెట్టు కిందికి నడిచాం. నేను వెనక్కి చూసేసరికి విస్తరి మీద రెండు కాకులు ఉన్నాయి.

నాయన తృప్తి పడ్డాడని మా వాళ్ళు అనుకున్నారు. నేనూ అనుకున్నాను, ఆ అనుకోవడాన్ని ఈనాటికీ వదులుకోలేదు. కాని మేనత్త మాట నా బుర్రలో ఉండిపోయింది. చాలా ఏళ్ళ తరువాత, అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారి పరిశీలన ఒకటి చదివాను. అక్కడి కాకుల వైపు మనిషి నడిచి వస్తున్నప్పుడు, సూటిగా వాటినే చూస్తూ వస్తే తొందరగా ఎగిరిపోయాయి, చూపు పక్కకు తిప్పుకుని వస్తే మరింత దగ్గరకు రానిచ్చాయి. ముఖంలో నవ్వు ఉందా కోపం ఉందా అన్నదాన్ని అంతగా పట్టించుకోలేదు. ముప్పైమంది బంధువులు అరవై కళ్ళతో ఒకే విస్తరి వైపు చూస్తుంటే కాకి ఎందుకు దిగుతుంది? పెంట తినే కాకి పితరుడు ఎట్లా అయిందని వేమన నిలదీశాడు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు గాని, ఆ పితరుడికి చూపు ఎక్కడ ఉందో తెలుసునని మాత్రం చెప్పగలను.

అందువల్ల కాకితో స్నేహం చేయదలచినవారికి నేను మొదట చెప్పేది, కాకిని చూడడం మానేయమని. వినడానికి విచిత్రంగా ఉన్నా పద్ధతి ఇదే. ఒక చోటు, ఒక వేళ నిర్ణయించుకోవాలి. నాకు ఉదయం ఆరున్నర. పిట్టగోడ మీద గుప్పెడులో సగం పల్లీలో, ఉడికిన గుడ్డు ముక్కో, రాత్రి మిగిలిన అన్నం ముద్దో పెట్టి, ఎప్పుడూ ఒకే రకంగా పిలిచి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, పేపరు చదువుకుంటున్నట్టు పక్కకు తిరిగి కూర్చోవాలి. ఉప్పూ నూనే ఎక్కువగా ఉన్నవి, పచ్చళ్ళు, మిర్చి బజ్జీలు పెట్టకూడదు. మొదటి వారం మనం లేచి కిందికి దిగాకే వస్తాయి. ఆ తరువాత మనం ఉండగానే వచ్చి, పక్కవాటుగా గెంతుతూ, అందినది నోట కరచుకుని పోతాయి. నాకు ఈ దశే మూడు నెలలు పట్టింది. ఒక్క రోజు తొందరపడి చేయి చాపామా, మళ్ళీ మొదటికి వస్తాం. చేతి మీద వాలించుకోవాలన్న కోరికను అసలు పెట్టుకోవద్దు. మనుషులంటే భయం పోయిన కాకికి రాయి విసిరే మనిషి ఎదురైతే నష్టపోయేది మనం కాదు.

ఒక కాకిని మరొక కాకి నుంచి వేరుగా గుర్తించడం చాలా కష్టం. మగా ఆడా పైకి ఒకే తీరుగా ఉంటాయి. కొత్తగా ఎగిరిన పిల్లలను నోటి లోపలి ఎరుపును బట్టి, మెరుపు లేని ఈకలను బట్టి కొంతకాలం పోల్చుకోవచ్చు. పెద్దవాటిలో విరిగిన ఈక, ముక్కు మీద పెచ్చు, కాలి మీద గాయం వంటివి దొరికితేనే మన అదృష్టం. నాకు అట్లా దొరికినది వంకరవేలు. ఎడమకాలి వెనకవేలు పక్కకు తిరిగి ఉండేది, పిట్టగోడ అంచు మీద వాలినప్పుడు ఒకసారి తూలి నిలదొక్కుకునేది. దాని జోడు ఎప్పుడూ స్తంభం మీదే ఉండి, ఇది తిన్నాక దిగేది. మధ్యాహ్నాలు వేపకొమ్మ మీద ఒకటి తల వంచితే రెండోది దాని మెడ వెనక ఈకలను ముక్కుతో ఒక్కొక్కటిగా దువ్వేది. ఆ సమయంలో వాటి గొంతు నుంచి వచ్చే చిన్న గురగుర శబ్దాన్ని కాకిగోల అనడానికి నాకు నోరు రాదు.

పల్లీలను వంకరవేలు అక్కడికక్కడ తినేది కాదు. నాలుక కిందుగా గొంతులో కాకులకు ఒక చిన్న సంచి లాంటి జాగా ఉంటుంది. అది నిండితే గదవ కింద ఉబ్బుగా కనిపిస్తుంది. అట్లా నింపుకుని పోయి పక్కింటి పెంకుల సందులో ఒకటి, పూలకుండీ మట్టిలో ఒకటి దాచి, పైన ఒక ఎండుటాకు కప్పేది. ఇంకో కాకి చూస్తోందని అనిపిస్తే తీసి వేరే చోట పెట్టేది. ఎండిన మక్కరొట్టె ముక్క దొరికితే నేను నీళ్ళు పెట్టే మట్టి మూకుట్లో ముంచి, మెత్తబడ్డాక తినేది.

ఈ మూకుడు దగ్గరే నేను ఒక పెద్ద పొరపాటు చేశాను. ఒక ఉదయం అందులో శుభ్రంగా కడిగినట్టున్న కోడి ఎముక ఉంది. రెండు రోజుల తరువాత మరొకటి. కాకులు తమకు తిండి పెట్టినవారికి కానుకలు తెచ్చి ఇస్తాయని అప్పటికే ఎక్కడో చదివి ఉన్నాను. కాకి నాకు కృతజ్ఞత చెప్పిందని ఇంటిల్లిపాదికీ చూపించి మురిసిపోయాను. తరువాత ఒకరోజు మెట్ల తలుపు సందులోంచి చూస్తే అసలు సంగతి తెలిసింది: సందు చివరి చికెన్ సెంటరు నుంచి తెచ్చిన ఎముకను నానబెట్టడానికి నీళ్ళలో వేస్తోంది, నేను పైకి వస్తున్న చప్పుడుకు వదిలేసి పోతోంది. అంటే నేను కానుక అనుకున్నది దాని నుంచి నేను లాక్కున్న భోజనం. మన పెద్దలు కాకతాళీయం అన్న మాటను ఊరికే పుట్టించలేదు. కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకి బరువుకే రాలిందని అనుకోవడం మన బుద్ధికి సులువు. తాటిచెట్లు ఇన్ని ఉన్న జిల్లాలో పుట్టి కూడా నాకు ఆ మాట అర్థం కావడానికి రెండు కోడి ఎముకలు కావలసి వచ్చాయి.

అప్పటి నుంచి ప్రతి ముచ్చటకూ ఒక పరీక్ష పెట్టడం అలవాటు చేసుకున్నాను. కాకి నన్ను గుర్తుపడుతోందా, నా చేతిలోని స్టీలు గిన్నెను గుర్తుపడుతోందా? సంక్రాంతికి వచ్చిన మా అల్లుడిని బతిమాలి, నా అంగీ, లుంగీ వేయించి, అదే గిన్నె ఇచ్చి, అదే వేళకు పైకి పంపాను. నా పిలుపును కూడా బాగానే అనుకరించాడు. వంకరవేలు స్తంభం దిగలేదు. మెడ సాచి, అటొక కన్ను ఇటొక కన్ను పెట్టి చూసింది. మరునాడు నేను అల్లుడి జీన్సు చొక్కా వేసుకుని ఖాళీ చేతులతో వెళ్ళాను. వెంటనే పిట్టగోడ మీదికి వచ్చింది. మూడోనాడు హెల్మెట్ పెట్టుకుని వెళితే దూరం జరిగింది, హెల్మెట్ తీయగానే వచ్చింది. మూడు రోజుల పరీక్షను రుజువు అనకూడదని పిల్లలకు చెప్పినవాణ్ణి. అయినా ముఖమే దానికి గుర్తు అన్న నమ్మకం నాకు కలిగింది.

దీన్నే క్రమపద్ధతిలో చేసినవారు వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మార్జ్‌లఫ్ బృందం. 2006లో ఆదిమానవుడి ముఖం ఉన్న మాస్కు తొడుక్కుని ఏడు కాకులను పట్టి, కాళ్ళకు గుర్తులు తొడిగి వదిలేశారు. ఆ తరువాత ఆ మాస్కుతో ఎవరు ఆ ఆవరణలో నడిచినా కాకులు వెంటపడి అరిచాయి. పట్టుకోవడానికి వాడని వేరే మాస్కు పెట్టుకున్నవారిని అంతగా పట్టించుకోలేదు. రెండున్నరేళ్ళు దాటినా ఆ గుర్తు చెదరలేదు. పైగా ఎన్నడూ పట్టుబడని కాకులు, అప్పటికి పుట్టని కాకులు కూడా అరిచే గుంపులో చేరాయి. తల్లిదండ్రుల నుంచి, తోటి కాకుల నుంచి నేర్చుకున్నాయన్నమాట. అవి అమెరికా కాకులు, మన ఊరకాకి వేరే జాతి. అయినా మార్చి ఏప్రిల్ నెలల్లో గూళ్ళు తీయడానికి స్తంభం ఎక్కే లైన్‌మన్లను అడిగి చూడండి. ఒకసారి గూడు తీసిన వీధిలోకి నెల తరువాత మామూలు బట్టల్లో వెళ్ళినా నెత్తి మీద తన్నాయని చెప్పేవారు ఒకరు కాదు.

గూళ్ళ మాట వచ్చింది కాబట్టి: ఎండలు ముదిరే వేళకు ఊరకాకులు పుల్లలతో పాటు ఇనుప తీగలు, బైండింగు వైరు ముక్కలు కూడా తెచ్చి అల్లుతాయి. స్తంభం మీద కట్టిన గూట్లో ఆ తీగ రెండు లైన్లకు తగిలితే వీధంతా కరెంటు పోతుంది. సాధారణంగా మూడు నుంచి అయిదు గుడ్లు, లేత నీలి ఆకుపచ్చ మీద గోధుమ రంగు చుక్కలతో ఉంటాయి, పదహారు పదిహేడు రోజుల్లో పొదుగుతాయి. అదే గూట్లో కోకిల కూడా గుడ్డు పెడుతుంది. కోకిల గుడ్డు పొదగడానికి రెండు మూడు రోజులు తక్కువ పడుతుంది కాబట్టి దాని పిల్ల ముందే బయటికి వచ్చి, ముందే నోరు తెరుస్తుంది. కవులు కోయిలమ్మ అని పిలిచే ఆ కుహూ గొంతు మగదానిది. గుడ్డు పెట్టేది గోధుమ రంగు మీద తెల్లచుక్కలున్న ఆడది, దాని గొంతు కిక్కిక్కుమంటుంది. నిరుడు కాక మొన్నటేడు మా వేపచెట్టు మీద వంకరవేలు చుక్కల కోకిల పిల్లకు నేను పెట్టిన గుడ్డు ముక్క తినిపిస్తూ కనిపించింది. అల్లుడిని గుర్తుపట్టిన కాకి తన గూట్లోని పరాయి పిల్లను గుర్తుపట్టలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సామెతలో ఎవరి పిల్ల అన్న వివరం లేకపోవడమే మంచిదైంది.

ఈ గూళ్ళ కాలంలో కాకి తలమీద తంతే అపశకునమని స్నానం చేసి గుడికి పోయేవారున్నారు. నెత్తిన తన్నిందంటే దగ్గరలో ఎగరడం సరిగా రాని పిల్ల ఉందని అర్థం. ఆ పిల్ల నేల మీద కనిపిస్తే అనాథ అనుకుని ఇంటికి తేవద్దు. కుక్కలు ఉంటే గోడ మీదికో కొమ్మ మీదికో ఎక్కించి తప్పుకోండి, మిగతాది తల్లిదండ్రులు చూసుకుంటాయి.

జాగ్రత్తలు కొన్ని చెప్పి ముగిస్తాను. తిండి ఎక్కువ పెడితే కాకులు ఎక్కువ చేరి, చుట్టుపక్కల పిచ్చుకల, గోరింకల గూళ్ళకు ముప్పు తెస్తాయి. ఇరుగుపొరుగుతో తగాదా దీనికి అదనం. చచ్చిన కాకిని ఉత్త చేతులతో ముట్టవద్దు. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో కాకులు బర్డ్ ఫ్లూతో రాలిపోయాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాకిని ఎలుకలతో పాటు ఐదో షెడ్యూలులో హానికర ప్రాణిగా చేర్చింది. 2022 సవరణ ఆ జాబితాను తీసేసింది. కాబట్టి పట్టడం, పంజరంలో పెట్టడం ఆలోచనలోకే రానివ్వవద్దు. మే నెలలో మూకుడు నీళ్ళు పెట్టి రోజూ కడిగితే తిండి కన్నా అదే పెద్ద సాయం.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు వరుసలోని చెల్లెమ్మ, కాకులకు నిజంగా లెక్కలు వస్తాయా అని అడుగుతున్నారు. నా వృత్తికి సంబంధించిన ప్రశ్న కాబట్టి సంతోషం. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో మూడు కాకులకు, ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క సంఖ్య చొప్పున, ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కపెట్టి అరవడం నేర్పారు. 2024లో ఆ ఫలితం అచ్చయింది. మొదటి అరుపు తీరును బట్టే అది మొత్తం ఎన్నిసార్లు అరవబోతోందో చెప్పగలిగారు, అంటే నోరు తెరవకముందే లెక్క వేసుకుందన్నమాట. నా విద్యార్థుల్లో అందరూ అట్లా చేసేవారు కాదు.

వెనక నుంచి అన్నగారు, ఒక కాకి చస్తే వందల కాకులు మూగి ఏడుస్తాయి కదా అంటున్నారు. మూగుతాయి, అరుస్తాయి. కేలీ స్విఫ్ట్ అనే పరిశోధకురాలు చచ్చిన కాకిని చేత పట్టుకున్న మనిషిని చూపించి పరీక్షిస్తే, కాకులు ఆ మనిషిని గుర్తుపెట్టుకున్నాయి, ఆ చోట తిండి ఉన్నా కొన్నాళ్ళు దిగడానికి జంకాయి. ఎవరు, ఎక్కడ, ఎట్లా ప్రమాదమో తెలుసుకోవడానికి గుమికూడతాయని ఆమె అభిప్రాయం. దుఃఖం కూడా ఉందేమో అంటే, మనం కూడా చావు ఇంటికి వెళ్ళగానే ముందు ఎట్లా జరిగిందనే కదా అడుగుతాం.

వంకరవేలు ఇప్పటికీ వస్తుందా అని అధ్యక్షులవారు అడిగారు. రావడం లేదండీ. నిరుడు ఆషాఢంలో మూడు రోజుల ముసురు తరువాత నోటుపుస్తకంలో దాని పేరు మళ్ళీ రాయలేదు. దాని జోడు పెత్రమాస దాకా స్తంభం మీద కనిపించింది, ఆ తరువాత అదేదో, గుంపులో మిగతావి ఏవో పోల్చుకోలేకపోయాను. ఇప్పుడు ఉదయం ఆరున్నరకు ఒక కాకి వస్తోంది. దానికి వంకర వేలు లేదు, ముక్కు మీద పెచ్చు లేదు, విరిగిన ఈక లేదు. దాన్ని నేను బజారులో చూస్తే గుర్తుపట్టలేను. మొన్న హనుమకొండ చౌరస్తాలో కూరగాయలు కొంటుంటే ఒక కాకి తీగ మీద నుంచి దిగి, స్కూటర్ సీటు మీద కూర్చుని నా వైపే చూసింది. నేను చూపు పక్కకు తిప్పుకున్నాను.